అణు వ్యర్థాల గాజు: ఉప్పు బోరు నీళ్లలో కరగడం ఆగట్లేదు, ఎందుకు?

అమలాపురం_ల్యాబ్:
అణు వ్యర్థాలను బంధించే గాజుకు నమూనాగా, రేడియోధార్మికత లేని బోరోసిలికేట్ గాజు (అల్యూమినియం కలిసినది) మీద 90 డిగ్రీల దగ్గర పరీక్ష నడుస్తోందండి. 1 గ్రాము పొడికి 10 మి.లీ. నీళ్లు. గాజు ఎంత కరిగిందో నీళ్లలోకి దిగిన బోరాన్‌తో లెక్కిస్తున్నాం. డిస్టిల్డ్ వాటర్‌లో 7 రోజులకే బోరాన్ పెరగడం దాదాపు ఆగింది. అంతర్వేది వైపు బోరు నీళ్లలో 28 రోజులైనా పెరుగుతూనే ఉంది. ఉప్పు వల్లేనా?

కాకినాడ_గాజు:
ముందు బ్లాంక్ పెట్టారా? సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 4.5 మి.గ్రా. బోరాన్ ఉంటుంది, అది కలిసిన బోరులోనూ కొంత ఉంటుంది. పొడి వేయని బోరు నీళ్లను అదే ఓవెన్‌లో అన్నాళ్లూ ఉంచి, ఆ అంకె తీసేయాలి. ల్యాబ్ గాజు ఫ్లాస్కులు మాత్రం వద్దు, అవీ బోరోసిలికేటే. స్టీలు పాత్ర గానీ టెఫ్లాన్ సీసా గానీ వాడండి. పొడి 75–150 మైక్రాన్ల మధ్య జల్లించి, అంటుకున్న సన్న దుమ్ము పోయేలా నీళ్లతో, ఆల్కహాల్‌తో కడగాలి.

రాజోలు_కెమిస్ట్రీ:
బ్లాంక్ తీసేసినా తేడా మిగిలితే నా అనుమానం మెగ్నీషియం మీదే. గాజు తడవగానే సోడియం, బోరాన్ బయటికొచ్చేస్తాయి. సిలికా కొంత కరిగి, మిగతాది పైన జెల్ పొరగా కడుతుంది. నీళ్లలో సిలికా నిండి ఆ పొర బిగిస్తే కరిగే వేగం వేల రెట్లు పడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మీకు కనిపించింది అదే. మెగ్నీషియం ఉందనుకోండి, కరిగిన సిలికాను పట్టుకుని మెగ్నీషియం సిలికేటుగా అడుక్కి దిగిపోతుంది. ఆ లోటుకి జెల్ కరుగుతుంది, పొర బిగియదు.

తేల్చుకోవాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో బోరు నీళ్లలో ఉన్నంత మెగ్నీషియం వచ్చేలా మెగ్నీషియం క్లోరైడ్ కలిపి ఒక వరస, ఉత్త సోడియం క్లోరైడ్‌తో ఒకటి, వడగట్టిన ధవళేశ్వరం కాలువ నీళ్లతో ఇంకొకటి పెట్టండి. 7, 28, 56 రోజులకు వేరు వేరు సీసాలు తెరవాలి. ఒకదాన్లోంచే తోడుతూ పోతే గాజుకీ నీళ్లకీ నిష్పత్తి మారిపోతుంది. 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగట్టి బోరాన్, సిలికా, మెగ్నీషియం, పీహెచ్ నాలుగూ చూడండి. సిలికేటు పడుతుంటే మెగ్నీషియంతో పాటు పీహెచ్ కూడా డిస్టిల్డ్ వాటర్ సీసా కంటే తక్కువ ఉంటుంది.

అమలాపురం_ల్యాబ్:
చాలా థాంక్సండి. సహజ నమూనాగా పంగిడి క్వారీ నల్లరాయి పొడి పెట్టొచ్చా?

కాకినాడ_గాజు:
వద్దండి. అగ్నిపర్వత గాజుతో పోల్చడం మంచి పద్ధతే, కానీ పంగిడి రాయి చాలావరకు స్ఫటికాలు కట్టిన బసాల్టు, గాజు కాదు. ఇంకో సంగతి, మూసిన సీసాలో మెగ్నీషియం అయిపోగానే వేగం మళ్లీ తగ్గుతుంది. అది చూసి ఉప్పునీళ్లలోనూ ఫర్వాలేదని రిపోర్టులో రాసేయకండి. భూమిలో కదిలే నీళ్లు కొత్త మెగ్నీషియాన్ని తెస్తూనే ఉంటాయి. పీహెచ్ 10.5 దాటిన సీసాలో ఎప్పుడైనా బోరాన్ ఉన్నట్టుండి ఎగబాకితే, ఆ పొడిని ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి (స్ఫటికాలను గుర్తించే పరీక్ష) పంపి జియోలైట్లు అనే స్ఫటిక ఖనిజాలు ఉన్నాయేమో చూడండి. అవి సిలికాతో పాటు అల్యూమినియాన్నీ లాగేస్తాయి.