రాయగడలో కొత్త ఉద్యోగం: జపనీస్ డ్రాయింగుల్లో మాటలు ఇంగ్లీషులోకి ఎలా మార్చాలి?

కొత్త సభ్యుడు, రాయగడ

పెద్దలకు నమస్కారం. మాది పార్వతీపురం. పోయిన నెల రాయగడ వచ్చి ఒక ప్లాంటులో చేరాను. పాత జపాన్ యంత్రాల డ్రాయింగులు, గ్రాఫులు, వైరింగు బొమ్మలు ఇంగ్లీషులోకి మార్చడం నా పని. జపనీస్ భాష పరీక్షలో ఎన్-3 స్థాయి పాసయ్యాను. మంచి టెక్నికల్ డిక్షనరీ ఒకటి చెప్పండి. స్టేషనుకి దగ్గర్లో అద్దె గది ఉన్నా చెప్పగలరు.

బరంపురం నుంచి

తమ్ముడూ, ముందు గది సంగతి. అద్దె కాగితం 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. కాగితం ఒడియాలో ఉంటే చదివించుకోకుండా సంతకం పెట్టకు. అడ్వాన్సు ఎంతో, ఎప్పుడు తిరిగిస్తారో అందులో రాసి ఉండాలి.

ఇక డ్రాయింగు. డిక్షనరీ తియ్యకముందే కింద కుడి మూలనున్న టైటిల్ బ్లాకు చదువు. సెక్కెయ్ అంటే డిజైన్ చేసినవారు, సెయిజు గీసినవారు, కెన్‌జు సరిచూసినవారు, షోనిన్ ఆమోదించినవారు. షకుదో స్కేలు. ఇన్‌జూ ఎన్ని ముక్కలో చెప్పే అంకె. కిజి అనే గడికి డిక్షనరీలో ‘ఆర్టికల్’ అని దొరుకుతుంది, అలాగే దింపేస్తారు. డ్రాయింగులో కిజి అంటే ‘నోట్స్’.

తేదీలు జాగ్రత్త, జపాన్‌లో ఏడాదిని చక్రవర్తి శకం పేరుతో లెక్కిస్తారు. ఎస్ అని ఉంటే షోవా, 1925 కలుపు. హెచ్ అంటే హెయిసెయ్, 1988 కలుపు. ఆర్ అంటే రెయివా, 2018. ఎస్ 60 అంటే 1985 అన్నమాట. హెచ్ 12.3.5 అంటే 2000 మార్చి 5. ఏడాది, నెల, రోజు, ఆ వరసే. మన అలవాటున మే 3 అని రాశావంటే ఏ రివిజన్ ముందుదో ఏది తర్వాతదో తేలదు.

జయపురం నుంచి

అన్నయ్యగారు టైటిల్ బ్లాకు దగ్గరే ఆగిపోయారు. ప్రమాదమంతా హద్దు చెప్పే చిన్న మాటల్లో ఉంది. ‘80 డిగ్రీలు ఇజో’ అంటే 80 కూడా కలుపుకుని పైన. దాన్ని ‘మోర్ దేన్ 80’ అని రాస్తే, సరిగ్గా 80 దగ్గర మోగాల్సిన అలారం నీ కాగితం ప్రకారం మోగదు. ‘80 ఆర్ మోర్’ అని రాయి. ఇకా కూడా అంతే, అంకె కలుపుకుని కింద. అంకె కలవకుండా తక్కువ అయితే మిమన్, కలవకుండా ఎక్కువ అయితే కొఎరు. ఈ నాలుగూ కాగితం మీద రాసి గోడకి అంటించుకో బాబూ, మిగతావి తర్వాత నేర్చుకోవచ్చు.

గ్రాఫులో నిలువు గీత పక్కన మాన్ అని ఉంటే 10 వేలు. ఒకు అంటే 10 కోట్లు, ఇంగ్లీషు కాపీలో 100 మిలియన్లు. ఒకుని ‘బిలియన్’ అని రాస్తే లెక్క పది రెట్లు పెరిగిపోతుంది. జెన్నెన్‌హి 105 శాతం అని కనబడితే ‘105 శాతం పెరుగుదల’ అని రాయకు. పోయినేడాదిని 100 అనుకుంటే ఈ ఏడు 105, అంటే పెరిగింది 5 శాతమే.

మాట ఒకటే పలికినా రాత వేరుగా ఉండేవీ ఉన్నాయి. సెచ్చి అంటే ఎర్తింగు, సెచ్చి అంటే ఇన్‌స్టలేషను కూడా. ఎవరైనా ఫోనులో చదివి చెప్తే రాసుకోకు, కాగితం చూడు.

బల్లార్‌పూర్ నుంచి

తమ్మీ, పైపుల డ్రాయింగుల గురించి ఎవ్వరూ చెప్పలే. తమగాతా-బెన్ అనే వాల్వు ఉంటది. తమ అంటే బంతి, గాతా అంటే ఆకారం, బెన్ అంటే వాల్వు. విడగొట్టి చదివితే ‘బాల్ వాల్వు’ అనిపిస్తది. కాదు, అది గ్లోబ్ వాల్వు. బాల్ వాల్వుని వాళ్లు బోరు-బెన్ అంటరు.

ఒక మిల్లులో ఇదే తప్పు దొర్లింది. స్టీము బైపాసు లైనుకి ఇంగ్లీషు కాపీల ‘బాల్ వాల్వు’ అని పడ్డది, స్టోర్సువాళ్లు అవే తెప్పించిన్రు. రెండు వాల్వుల పొడుగు ఒకటి కాదు, ఫ్లాంజీకి ఫ్లాంజీ కలవక పైపు కోసి వెల్డింగు చేసిన్రు. ఆ లైన్ల వాల్వు సగం తెరిచి స్టీమును అదుపు చెయ్యాలె. బాల్ వాల్వు సగం తెరిచి ఉంచితే స్టీము దూకుడుకి మెత్తటి సీటు కోసుకపోతది. కొన్నాళ్లకు పూర్తిగ మూసినా కారుడు ఆగలే. ఖర్చు ఎవరి లెక్కల వెయ్యాలని పర్చేజు ఆఫీసుకీ మెయింటెనెన్సుకీ కాగితాల మీద కాగితాలు నడిచినయి. ఆఫీసువాళ్లు ఇంగ్లీషు షీటే చూపించిన్రు, జపనీస్ షీటు ఎవ్వరూ తియ్యలే. తీసి బొమ్మ చూస్తే అక్కడ్నే తెలుస్తుండె: ఎదురెదురు రెండు త్రికోణాల నడుమ నిండు నల్ల చుక్క ఉంటే గ్లోబ్, ఖాళీ గుండ్రం ఉంటే బాల్. మాట మీద అనుమానమొస్తే పక్కనున్న గుర్తు చూడు.

షికిరి-బెన్ గేట్ వాల్వు. గ్యకుషి-బెన్ ఎన్‌ఆర్‌వీ, అంటే నాన్-రిటర్న్ వాల్వు, ఒకవైపే పోనిస్తది. 50ఎ అంటే ఆంపియర్లు కాదు, పైపు సైజు. 50ఎ, 2బి ఒకటే, రెండంగుళాలు. బోంబె అని ఉంటే గ్యాస్ సిలిండరు, బాంబు కాదు. బైతో అంటే లేత్ మెషీను టూలు.

జయపురం నుంచి

బల్లార్‌పూర్ అన్నా, ఇంగ్లీషు కాపీలో ఎన్‌ఆర్‌వీ అని రాయిస్తే ఎలా? స్పేర్లు అడిగినప్పుడు అదే కాగితం జపాన్ కంపెనీకి వెళ్తుంది. వాళ్లకి ‘చెక్ వాల్వ్’ అంటేనే తెలుస్తుంది. కరెంటు లైను విడదీసే దన్‌రోకిని మనవాళ్లు ఐసొలేటర్ అంటారని అదే రాస్తారు, ‘డిస్‌కనెక్టర్’ అనాలి.

బల్లార్‌పూర్ నుంచి

రాత్రి రెండింటికి ఆ కాగితం పట్టుకునేది జపాను కంపెనీ కాదు, షిఫ్టుల ఉన్న ఫిట్టరు. ఆయనకి తెలిసిన మాటే ఉండాలె.

పర్లాకిమిడి నుంచి

ఇద్దరిదీ కుదురుతుంది. పదాల పట్టికకి నాలుగు గళ్లు పెట్టు బాబూ: జపనీస్ రాత, పలుకు, డ్రాయింగులో వాడే ఇంగ్లీషు, ప్లాంటులో అనే మాట. డ్రాయింగు మీద మూడో గడి మాటే వెయ్యి, పట్టిక కాపీ షిఫ్టు గదిలో ఉంచు. ఒక మాటకి అన్ని షీట్లలో ఒకటే ఇంగ్లీషు ఉండాలి.

కరెంటు ఫేజుల పేర్లు మాత్రం ముట్టుకోకు. వాళ్లది ఆర్, ఎస్, టి. మనది ఆర్, వై, బి. మారిస్తే మనకి సుళువని అనిపిస్తుంది గానీ ప్యానెల్ లోపల తీగ చివర్ల ఫెరూల్స్ (పేరు రాసిన చిన్న గొట్టాలు) మీద ఆర్, ఎస్, టి అనే ఉంటాయి. ఎ-సెత్తెన్ అంటే నార్మలీ ఓపెన్ కాంటాక్టు, బి-సెత్తెన్ నార్మలీ క్లోజ్డ్.

బరంపురం నుంచి

థర్డ్ యాంగిల్ అనే అమరికలో ఉన్న బొమ్మల్ని మన ఫస్ట్ యాంగిల్‌లోకి తిరిగి గీసేస్తే ఫిట్టర్లకి మేలు కదా? మన ఐటీఐల్లో నేర్పేది అదే.

పర్లాకిమిడి నుంచి

వద్దు మాస్టారూ. మన దేశపు డ్రాయింగు ప్రమాణం ఎస్‌పీ 46 ఫస్ట్ యాంగిల్ అన్నా, జపాన్ డ్రాయింగు గీసేది థర్డ్ యాంగిల్‌లో. అందులో కుడివైపు నుంచి చూసిన బొమ్మ కుడివైపే ఉంటుంది, మనదాంట్లో ఎడమకి వెళ్తుంది. తిరిగి గీసేటప్పుడు ఒక్క రంధ్రం పక్క మారితే పార్టు చెత్తబుట్టలోకే. దైసన్‌కకుహో అని ఉన్నచోట ‘థర్డ్ యాంగిల్ ప్రొజెక్షన్’ అని పెద్దక్షరాల్లో రాసి, గుర్తుని అలాగే ఉంచితే చాలు.

క్వాలిటీ చార్టులో కన్‌రిజు అంటే కంట్రోల్ చార్టు, మెషీను అనువాదం ‘మేనేజ్‌మెంట్ డయాగ్రమ్’ అంటుంది. కన్‌రి గెంకయ్ కంట్రోల్ లిమిట్, కికకు గెంకయ్ స్పెసిఫికేషన్ లిమిట్. మొదటిది ప్రాసెసు లెక్కల నుంచి వస్తుంది, రెండోది కొనేవాడు పెట్టేది. ఈ రెండూ తారుమారైతే మంచి సరుకుని తిప్పి పంపుతారు, లేదా చెడ్డది పాసవుతుంది. ఒరెసెన్ గురాఫు మామూలు లైన్ గ్రాఫే, ‘బ్రోకెన్ లైన్’ అని రాస్తే ముక్కలు ముక్కల గీత అనుకుంటారు.

కొత్త సభ్యుడు, రాయగడ

అందరికీ చాలా థాంక్స్. నాలుగక్షరాల జపనీస్ మాటకి ఇంగ్లీషు ఇరవై అక్షరాలవుతోంది, బొమ్మలో పట్టట్లేదు. అక్షరాలు చిన్నవి చేస్తే ప్రింటులో కనబడట్లేదు. ఇంకోటి, తనిఖీ పట్టికలో చాలా గళ్లలో సున్నాలున్నాయి, జీరో అని రాసుకుంటూ పోయాను. సరేనా?

పర్లాకిమిడి నుంచి

పట్టని చోట గుండ్రంలో అంకె వేసి, మాటలు డ్రాయింగు పక్కన పట్టికగా పెట్టు. గీతల మీద అక్షరాలు ఎక్కించకు.

పట్టిక మాత్రం ఇవాళే సరిచెయ్యి బాబూ. అవి సున్నాలు కావు, జపనీస్‌లో ‘మారు’ అనే గుండ్రం గుర్తులు. ఒక గుండ్రం అంటే బాగుంది, గుండ్రంలో గుండ్రం అంటే చాలా బాగుంది, త్రికోణం అంటే అంతంతమాత్రం, ఇంటూ గుర్తు (×) అంటే పనికిరాదు. గుర్తులు అలాగే ఉంచి, కింద హన్‌రెయ్ అన్నచోట ‘లెజెండ్’ అని రాసి నాలుగింటి అర్థం ఇంగ్లీషులో పెట్టు. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే ఫోన్ చేసి ఆ షీటు వెనక్కి తెప్పించుకో.