అప్‌డేట్: రికెన్‌బ్యాకర్ గిటార్‌కి పేరు తెచ్చింది ఎవరు?

మొన్న అడిగాను కదా, రికెన్‌బ్యాకర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ బ్రాండ్‌ని జనంలోకి తీసుకెళ్లింది బీటిల్స్ బ్యాండ్ జార్జ్ హ్యారిసనా, బర్డ్స్ బ్యాండ్ రోజర్ మెగ్విన్నా అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. నేను మెగ్విన్ వైపు ఉన్నాను, ఇప్పుడు సగం ఓడిపోయినట్టే.

అసలు అంతకుముందే, 1960లో హాంబర్గ్‌లో బీటిల్స్‌లోనే ఉన్న జాన్ లెనన్ రికెన్‌బ్యాకర్ 325 మోడల్ కొన్నాడట, ఆ సంగతే నాకు తెలియదు. తర్వాత 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ న్యూయార్క్ వచ్చినప్పుడు రికెన్‌బ్యాకర్ కంపెనీవాళ్లు 12 తీగల 360 మోడల్ చూపించారు, గొంతు బాగాలేక హోటల్లోనే ఉండిపోయిన హ్యారిసన్ దగ్గరికి దాన్ని తీసుకెళ్తే ఆయనకి అక్కడే నచ్చేసింది. అదే ఏడాది వచ్చిన బీటిల్స్ సినిమాలో ఆ గిటార్ చూశాకే మెగ్విన్ తనూ ఒకటి కొనుక్కున్నాడు! అంటే నా హీరోకే హ్యారిసన్ హీరో.

కానీ ఆ గలగలలాడే సౌండ్‌ మాత్రం మెగ్విన్‌దే అంటాను, కంప్రెసర్ (సౌండ్‌లో హెచ్చుతగ్గుల్ని సమం చేసే పరికరం) వాడి నోట్ ఎక్కువసేపు నిలిచేలా చేశాడు. ఇంకోటి, 12 తీగల గిటార్‌లో తీగలు జతలుగా ఉంటాయి కదా, మామూలుదాన్ని పైనుంచి కిందికి మీటితే జతలో సన్న తీగ ముందు పలుకుతుంది, రికెన్‌బ్యాకర్‌లో లావు తీగ ముందు. ఇది చెప్పినవాళ్లకి స్పెషల్ థాంక్స్, అప్పట్నుంచి పాటల్లో అదే వెతుకుతున్నా.

ద హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ పేరు కూడా ఎవరో రాశారు. రికెన్‌బ్యాకర్లని స్టేజీ మీద విరగ్గొట్టి ఫేమస్ చేసినవాణ్ని ఏ లెక్కలో వేయాలో మీరే చెప్పండి.