గులకరాళ్ల తీరం నిలుస్తుందో లేదో చెప్పడానికి దేన్ని నమ్మాలి: సూత్రాలనా, కంప్యూటర్ మోడల్‌నా?

అలలెక్క:
తుపానుకు గులకరాళ్ల తీరం ఏ ఆకారం తీసుకుంటుందో చెప్పడానికి పరిశోధకుడు పావెల్ 1990లో ఇచ్చిన సూత్రాలే చాలంటాను. అల ఎత్తు, పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం), రాయి సైజు ఇస్తే అలలు పేర్చే రాళ్ల గట్టు శిఖరం ఎంత ఎత్తున ఏర్పడుతుందో నిమిషంలో తేలిపోతుంది. ఎక్స్‌బీచ్-జి లాంటి కంప్యూటర్ మోడల్ ప్రతి అలనూ విడిగా లెక్కిస్తుంది. దానికి టైమ్ పడుతుంది, అది అడిగే కొలతలు చాలా తీరాల్లో దొరకవు కూడా. దొరకని చోట ఊహ పెట్టి నడిపితే అది సూత్రం కన్నా ఎందులో మెరుగు?

నీటిజాడ:
అలలెక్క గారూ, ఈ తీరాల కిటుకంతా నీళ్లు ఇంకడంలోనే ఉంది. అల పైకి ఎగబాకుతూ రాళ్లను మోసుకొస్తుంది. ఆ నీళ్లలో కొంత అక్కడే సందుల్లోకి దిగిపోతుంది. వెనక్కి జారే నీటికి వాటన్నిటినీ లాక్కెళ్లే బలం మిగలదు. అందుకే ఇసుక తీరం కన్నా ఇది అంత నిటారుగా ఉంటుంది. రాళ్ల మధ్య ఇసుక మూడో వంతు దాకా చేరిందంటే సందులు పూడిపోతాయి, ఆ తీరం ఇసుక తీరంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. పావెల్ సూత్రాల్లో ఇసుక పాలుకు చోటే లేదు.

ఆయన ప్రయోగాలే చూడండి. అలల ట్యాంకులో పెట్టడానికి రాళ్లను అదే నిష్పత్తిలో చిన్నవి చేస్తే అది ఇసుకే అవుతుంది, నీళ్లు తగినంత ఇంకవు. అందుకని రాళ్లకు బదులు నలగ్గొట్టిన ఆంత్రసైట్ బొగ్గు వాడారు. ఆ శ్రద్ధంటే నాకు గౌరవం. కానీ అక్కడ కుదిరిన ఇంకుడు రేటునే అన్ని తీరాలకూ అంటగట్టలేం.

కట్టవాలు:
ఆకారం సరే, నిలకడ మాటేమిటి? శిఖరం మీదుగా నీళ్లు పలచగా దాటితే రాళ్లు పైనే ఆగి గట్టు ఇంకా ఎత్తవుతుంది. ఉధృతంగా దాటితే శిఖరం తెగి, రాళ్లు వెనక్కి పడి, గట్టే నేల వైపు జరుగుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా చాలా సన్నం. పరిశోధకుడు బ్రాడ్‌బరీ ఇంగ్లండ్‌లోని హర్స్ట్ స్పిట్ అనే గులకరాళ్ల గట్టు మీద పనిచేసి ఇచ్చిన కొలమానంలో, నీటిమట్టానికి పైన గట్టు ఎత్తును అక్కడి అడ్డుకోత (గట్టును అడ్డంగా కోస్తే కనిపించే ముఖం) వైశాల్యంతో గుణించి, అల ఎత్తు ఘనంతో భాగిస్తారు. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే గట్టు అంత బలమైనదని లెక్క. ఘనం కాబట్టి అల ఎత్తును 10 శాతం తక్కువ వేసుకుంటే గట్టు బలం 37 శాతం ఎక్కువ కనిపిస్తుంది.

అలలెక్క:
నేనూ అదే అంటున్నాను. కొలత బాగాలేనప్పుడు పెద్ద మోడల్ మూడు దశాంశాలతో జవాబిస్తే జనం దాన్ని చూసి ధైర్యపడతారు. అది ప్రమాదం.

రాళ్లపద్దు:
అందరూ ఒక్క తుపాను గురించే మాట్లాడుతున్నారు. ఇంగ్లండ్‌లోనే డెవన్ తీరంలోని హాల్‌సాండ్స్ అనే ఊరి దగ్గర 1897లో మొదలుపెట్టి, డెవన్‌పోర్ట్ నౌకా స్థావరం విస్తరణకు లక్షల టన్నుల గులకరాళ్లు తవ్వారు. తవ్విన చోటికి కొత్త రాళ్లు వచ్చి చేరతాయనుకున్నారు. చేరలేదు, తీరం మట్టం పడిపోయింది. 1902లో తవ్వకం ఆపించినా, 1917 జనవరి తుపానుకు ఊరు కొట్టుకుపోయింది. మీ రెండు పద్ధతులూ ఉన్న రాళ్లను అటూ ఇటూ జరుపుతాయే తప్ప, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో అడగవు.

నీటిజాడ:
నిజమే. అందుకే ఎక్స్‌బీచ్-జిని ఒక్క జవాబు కోసం నడపకూడదంటాను. ఇంకుడు రేటు బాగా తక్కువ పెట్టి ఒకసారి, బాగా ఎక్కువ పెట్టి ఒకసారి నడపండి. ఆ రెండూ ఇప్పటి గట్టుతోనూ చేయండి, రాళ్లు తగ్గిన గట్టుతోనూ చేయండి. అన్నిట్లోనూ నిలిస్తే నమ్మొచ్చు. ఇంకుడు రేటు తగ్గించినప్పుడే తెగుతోందంటే, శిఖరం దగ్గర గుంట తవ్వి ఇసుక పాలు ఎంతుందో ముందు చూడాలి.