రష్యన్ 'పదవీత్', ఇంగ్లీషు సప్రెస్, మన 'సముదాయించు'

మొన్న మా టీమ్‌లో పనిచేసే రష్యన్ అతను రెండు రోజులు కనపడలేదు. ఏమైందయ్యా అంటే "ఐ వాజ్ వెరీ సప్రెస్డ్" అన్నాడు. ఎవరు అణిచేశారా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తీరా చూస్తే పాపం, మనసు బాగోలేదట.

తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే బాగానే దొరికింది. రష్యన్‌లో 'పదవీత్' అనే క్రియ ఉంది. లోపల ఉన్న 'దవీత్' అంటే నొక్కడం. తిరుగుబాటైనా, ఆవులింతైనా, నవ్వైనా, కోపమైనా వాళ్లు దీంతోనే నొక్కేస్తారు. దాన్నుంచే వచ్చిన 'పదావ్లెన్' అంటే దిగులుతో కుంగిపోయినవాడు. పదవీత్ అంటే సప్రెస్ కదా అని ఇతను సప్రెస్డ్ అయ్యాడు. కావలసింది డిప్రెస్డ్. మన భాషలోనూ 'అణగారిన' వేరు, 'కుంగిపోయిన' వేరు.

ఇంగ్లీషులో దేన్ని అణుస్తున్నామన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. దగ్గునీ కోపాన్నీ సప్రెస్ చేస్తారు, ఆవులింతని స్టైఫల్ చేస్తారు, అల్లర్లనీ అనుమానాల్నీ క్వెల్ చేస్తారు. మనకిది కొత్తేం కాదు. నవ్వు ఆపుకుంటాం, ఏడుపు దిగమింగుతాం, తిరుగుబాటు అణిచేస్తాం, దాహం తీర్చుకుంటాం. ఇంకొకరోజు ఇతనే పసివాడి గురించి చెబుతూ "ఐ క్వెల్డ్ మై సన్" అన్నాడు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి చంపడం అని అర్థం! పిల్లాడికైతే సూద్ అనాలి, లేదా కామ్ అనాలి. మనమైతే ఊరుకోబెట్టాను అంటాం.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. శాంతపరచడానికి రష్యన్ మాట 'ఉస్పకోయిత్'. ఇంకా సాగుతున్న పనిగా చెప్పాలంటే 'ఉస్పకాయివత్'. "గంటసేపు ఉస్పకాయివత్ చేశాను" అని రష్యన్‌లో అంటే పిల్లాడు ఊరుకున్నాడో లేదో తెలియదు, ప్రయత్నం చేశాడని మాత్రం తెలుస్తుంది. దాన్నే ఇతను "ఐ కామ్డ్ హిమ్ ఫర్ ఎన్ అవర్, బట్ హి క్రైడ్" అన్నాడు. ఇంగ్లీషువాళ్లకి అది తిరకాసుగా వినిపిస్తుంది. కామ్ చేశావంటే ఊరుకున్నాడనే లెక్క. 'ట్రైడ్ టు' పెట్టాలి. తెలుగులో చూడండి, "గంటసేపు సముదాయించాను, ఊరుకుంటేనా!" అని మనం హాయిగా అనేస్తాం. సముదాయించడం మన పని, ఊరుకోవడం వాడి పని. ఈ ఒక్క విషయంలో రష్యన్ మన పక్కనే ఉంది, ఇంగ్లీషే దూరంగా ఉంది. అతనికి ఇది చెప్తే తెగ సంబరపడ్డాడు.

(ఉస్పకోయిత్‌లో ఒక్క 'స' తీసేస్తే 'ఉపకోయిత్', చనిపోయినవాళ్ల ఆత్మకి శాంతినివ్వడం. రెంటిలోనూ ఉన్నది 'పకోయ్', అంటే శాంతి, విశ్రాంతి. మనమూ పోయినవాళ్లకి ఆ శాంతే కోరుకుంటాం.)

సంగీతం మనసుకి హాయినిచ్చిందని చెప్పబోయి కొందరు రష్యన్లు 'అపీజ్డ్ మీ' అంటారు. ఆ మాటలో లొంగిపోయి బుజ్జగించడం ఉంది. 1938లో మ్యూనిక్‌లో అప్పటి బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ హిట్లర్‌కి లొంగిన తీరుకి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు అదే. దాన్నే రష్యన్‌లో చెప్పే మాటకి మనశ్శాంతి అనే మంచి అర్థం కూడా ఉండడంతో ఈ గందరగోళం.

నొప్పి సంగతి కూడా చెప్పాలి. దాహం తీర్చడానికి వాళ్లు వాడే 'ఉతలీత్' క్రియే నొప్పి మాత్ర పేరులోనూ ఉంటుంది. కాబట్టి 'క్వెంచ్ ది పెయిన్' అనేస్తారు. ఇంగ్లీషులో దాహాన్ని క్వెంచ్ చేస్తారు, నొప్పిని రిలీవ్ చేస్తారు. మనం దాహం తీరింది అంటాం, నొప్పి తగ్గింది అంటాం. 'నొప్పి తీరింది' అని మీ వైపు ఎవరైనా అనగా విన్నారా? మా ఇంట్లో అయితే వినలేదు.