‘సో ఇట్ గోస్’: ఈ మాట బిల్లీదా, రచయితదా?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ):
అమెరికా రచయిత కర్ట్ వానెగట్ 1969లో వెలువరించిన ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ నవలను మేము కొందరం కలిసి చదువుతున్నాము. అందులో ఎవరు చనిపోయినా, చివరికి షాంపేన్ చప్పబడిపోయినా, వెంటనే ‘సో ఇట్ గోస్’ (‘అంతే మరి’) అనే వాక్యం వస్తుంది. నవల మొత్తంలో అది వందసార్లకు పైగా ఉంది. ట్రాల్ఫమడోర్ అనే కల్పిత గ్రహవాసుల దృష్టిలో కాలమంతా ఒకేసారి ఉంటుంది గనుక చనిపోయినవాడు వేరే క్షణాల్లో బాగానే ఉంటాడని, అందుకే తానూ చావు కబురు వింటే భుజాలెగరేసి వాళ్ల మాటే అంటానని కథానాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్ రెండో అధ్యాయంలో రాస్తాడు. రచయిత మనల్ని కూడా అలాగే సరిపెట్టుకోమంటున్నాడా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ):
ఆ మాట మొదట ఎక్కడ వస్తుందో చూడమ్మా. బిల్లీ కథ మొదలుకాకముందే, మొదటి అధ్యాయంలో రచయిత తన సొంత గొంతుతో జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు టాక్సీ డ్రైవరు గురించి చెబుతూ, అతని తల్లి రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడిలో ఆ నగరాన్ని చుట్టేసిన మంటల్లో కాలిపోయిందని రాసి, ఆ పక్కనే దాన్ని పెట్టాడు. ఆఖరి అధ్యాయంలో మళ్లీ తానే వచ్చి రాబర్ట్ కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్‌ల హత్యలకూ, వియత్నాం నుంచి ప్రభుత్వం రోజూ ప్రకటించే శవాల లెక్కకూ, సహజంగా కాలం చేసిన తన తండ్రికీ అదే మాట అంటాడు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ మీద బాంబులు పడ్డప్పుడు వానెగట్ యుద్ధఖైదీగా ఆ ఊరి కబేళాలోని మాంసపు గిడ్డంగిలో ఉండి బతికాడు. తర్వాత శవాలను వెలికితీసే పని చేశాడు. అటువంటి మనిషి భుజాలెగరేసి ఊరుకుంటాడని నేననుకోను. నవలలో చెప్పిన 1,35,000 మరణాల సంఖ్య నిలబడలేదు, 2010లో చరిత్రకారుల సంఘం 25,000కు మించదని తేల్చింది. కానీ ఈ మాట మొత్తం లెక్క జోలికి పోకుండా ఒక్కొక్క చావు దగ్గరా ఆగుతుంది.

జవాబు (సూర్యాపేట పాఠకుడు):
మాస్టారు చెప్పినదాన్ని సగం వరకే ఒప్పుకుంటాను. బిల్లీతోపాటు డ్రెస్డెన్‌లో యుద్ధఖైదీగా ఉన్న ఎడ్గర్ డెర్బీ సంగతి తీసుకోండి. శిథిలాల్లో దొరికిన టీపాట్ తీసుకున్నందుకు ఈ పెద్దవయసు హైస్కూలు టీచరును కాల్చేస్తారని రచయిత మొదటే చెప్పి, పుస్తకం పొడుగునా మనల్ని దానికోసం కాచుకునేలా చేస్తాడు. తీరా ఆ ఘట్టం వచ్చేసరికి పట్టుబడ్డాడు, విచారించారు, కాల్చారు అని మూడు పొడి వాక్యాలు, వాటి వెనకే ఆ మాట. షాంపేన్‌కు పడ్డ ముద్రే ఆయనకూ పడింది. నాకిందులో నివాళి కనబడదు. చెప్పవలసినది చెప్పలేక నోరు పడిపోయిన మనిషి కనబడతాడు. అయితే సరిపెట్టుకోమనడం కూడా కాదు. బిల్లీ ఆఫీసు గోడమీద, మార్చలేనివాటిని అంగీకరించే శాంతిని ఇమ్మనే ప్రార్థన ఉంటుంది; ఆ వెంటనే రచయిత, బిల్లీ మార్చలేనివాటిలో గతం, వర్తమానం, భవిష్యత్తు ఉన్నాయని చురక అంటిస్తాడు.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి):
మా పాలమూరు ఊళ్లలో చావింటికి వచ్చినవాళ్లు ‘ఏం జేస్తం, రాత గట్లుంది’ అంటారు. పక్కింటి అవ్వ ఆ ఇంటి కోడలి చెయ్యి పట్టుకొని అంటే అది ఓదార్పు. వలసపోయిన కూలీ పనిచోట మట్టిపెళ్లలు విరిగిపడి పోతే, శవాన్ని వాకిట్లో దించిన గుంపు మేస్త్రీ అదే మాట అంటే, పరిహారం ఊసెత్తవద్దని అర్థం. బిల్లీ నోట అది మేస్త్రీ మాటకే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. లయన్స్ క్లబ్ విందులో ఒక సైనికాధికారి ఉత్తర వియత్నాం మీద బాంబుదాడులు పెంచాలని ప్రసంగిస్తుంటే, డ్రెస్డెన్‌ను కళ్లారా చూసిన బిల్లీ కిమ్మనకుండా భోంచేస్తాడు. ఆ తత్వం మనిషిని ఎంతవరకు తీసుకుపోతుందో రచయిత అక్కడ చూపించాడు.

ప్రశ్న అడిగినవారు:
అవ్వ, మేస్త్రీల తేడా నాకు బాగా పనికొచ్చింది. సూర్యాపేట వారికి ఒక సందేహం. మొదటి అధ్యాయంలో, వద్దన్నా వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైన, బైబిల్లోని లోతు అనే ఆయన భార్యను తలచుకుని, అలా చూడటం ఎంతో మానవసహజం కాబట్టి ఆమె అంటే తనకు ప్రేమ అని చెప్పాకే రచయిత ఆ మాట అంటాడు. ఇంత ప్రేమగా చెప్పినచోట నోరు పడిపోయిందని ఎలా అనగలం?