అప్‌డేట్: రీల్‌లో తంగూసు చిక్కుపడే సమస్య తీరింది

చంద్రగిరి దగ్గర చెరువులో కొర్రమీను కోసం గాలం విసిరిన ప్రతిసారీ స్పిన్నింగ్ రీల్‌లో (గాలం కర్రకు బిగించే, తంగూసు చుట్టే పరికరం) తంగూసు ఉండ కట్టేస్తోందని పోయిన నెల అడిగాను కదా, ఉగాది ముందు ఆదివారం మా స్నేహితులం పెట్టుకున్న పోటీకి టైం దగ్గరపడి తెగ టెన్షన్ పడ్డాను. సమాధానం చెప్పిన అందరికీ థాంక్స్.

అసలు కారణం స్పూల్‌ను (రీల్‌లో తంగూసు చుట్టుకునే ఉండె) అంచు దాకా తంగూసుతో నింపేయడమే. ఒకరు చెప్పినట్టు అంచుకి 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉండేలా కొంత తంగూసు తీసేశాను (తీసిన ముక్కలు చెరువు గట్టున పడేయకండి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి). విసిరాక హ్యాండిల్ తిప్పకుండా బెయిల్‌ను (తంగూసును స్పూల్ మీదికి మళ్ళించే తీగ) చేత్తోనే మూసి, తంగూసును ఒకసారి బిగుతుగా లాగి అప్పుడు చుట్టాను. పొద్దున ఆరు నుంచి పది దాకా ఒక్క ముడి పడలేదు. కొత్త రీల్, కొత్త రాడ్ రెండూ అవసరం రాలేదు.

తామరాకుల పక్కన ఎరగా కట్టిన రబ్బరు కప్పను మెల్లగా లాగుతుంటే నీళ్ళు ఒక్కసారిగా బుడుంగుమన్నాయి, "రేయ్, తొందరపడొద్దు, మింగనీరా" అని పక్కనుంచి మావాడు అరిచాడు, రెండు లెక్కపెట్టి గట్టిగా లాగాను. కేజిన్నర కొర్రమీను! పోటీలో రెండో స్థానం నాది, మొదటిది మావాడిది.