స్కోరు సున్నా, అయినా రాత్రి 2 గంటలకి డాక్టర్‌ని లేపాను. తప్పా?

రాత్రి డ్యూటీ సిస్టర్:
మొన్న జరిగింది చెబుతాను, నిర్మొహమాటంగా మాట్లాడండి. తుంటి ఆపరేషన్ అయి రెండో రోజు, 70 దాటిన పెద్దాయన. రాత్రి 2 గంటల వైటల్స్ ఇవి: శ్వాస 20, ఆక్సిజన్ పెట్టకుండానే శాచురేషన్ 96, పై బీపీ 118, పల్స్ 88, టెంపరేచర్ 37.6, మెలకువగా ఉన్నారు. మా వార్డులో వాడేది న్యూస్ 2 చార్టు, అంటే ఒక్కో కొలత మామూలు హద్దు ఎంత దాటితే అంత ఎక్కువ అంకె వేసి, అన్నీ కూడి మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పే స్కోరు. కూడితే సున్నా. దాని ప్రకారం ఇంకో 12 గంటలపాటు మళ్ళీ చూడకపోయినా ఫరవాలేదు.

కానీ సాయంత్రం అదే మనిషికి శ్వాస 14, పల్స్ 70, బీపీ 140. ఏ అంకే గీత దాటలేదు గానీ అన్నీ గీత వైపే జరుగుతున్నాయి. ఆయన వాడే బీటా బ్లాకర్ పల్స్‌ని పెరగనివ్వదు, అలాంటిది 88 దాకా వచ్చింది. యూరిన్ బ్యాగులో 4 గంటలకి కలిపి 80 మిల్లీలీటర్లే. దానికి ఈ స్కోరులో గడే లేదు. దుప్పటి అంచు వేళ్ళతో ఊరికే పీకుతున్నారు. పక్కనున్న కూతురు "నాన్న ఇలా ఉండరండీ" అంది.

ఫోన్ చేశాను. "స్కోరెంత?" అన్నారు. "సున్నా సార్, కానీ ఎందుకో ఆయన నాకు బాగా అనిపించట్లేదు" అన్నాను. విసుక్కుంటూనే వచ్చారు, చూశారు, రక్తపరీక్షలు పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. యూరిన్ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని తర్వాత తేలింది. పొద్దున ఇన్‌ఛార్జి గారు మాత్రం "ప్రతి అనుమానానికీ లేపితే ఇంక చార్టు దేనికమ్మా?" అన్నారు. స్కోరు పిలవమననప్పుడు నర్సు తన నిర్ణయం మీద పిలవొచ్చా, కూడదా?

డ్యూటీ డాక్టర్:
పిలవొచ్చు. ఆ స్కోరుని 2012లో తెచ్చిన బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా అది మన అంచనాకి సాయమే గానీ దానికి బదులు కాదనే చెప్పింది.

నా గొడవల్లా "ఎందుకో బాగా అనిపించట్లేదు" అన్న మాటతోనే. నేను రాత్రిపూట 4 వార్డులు చూస్తాను. అదే మాటతో 3 ఫోన్లు వస్తే ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? మీ దగ్గర చెప్పదగ్గవి చాలానే ఉన్నాయి: శ్వాస 14 నుంచి 20, బీపీ 22 పాయింట్లు తగ్గుదల, యూరిన్ గంటకి 20. ఫోన్‌లో ఒక్కటీ రాలేదు. ఇంకోటి, ఇన్ఫెక్షన్ తేలింది కాబట్టి పిలవడం సరైందని మాత్రం అనుకోకండి. ఏమీ తేలకపోయినా ఆ గుర్తులకి పిలవాల్సిందే.

కొత్త స్టాఫ్:
నేను చేరి 6 నెలలు. సీనియర్లకి ఉన్న కన్ను నాకింకా రాలేదు. నాకు స్కోరే ధైర్యం. 5 వచ్చిందంటే ఎవరు కసిరినా సరే, చార్టు చూపించి ఫోన్ చేస్తాను. "చార్టుదేముంది, కన్నే ముఖ్యం" అని పెద్దవాళ్ళు అనేసరికి మా బ్యాచ్‌లో కొందరు శ్వాస లెక్కపెట్టకుండానే 18 అని రాసేస్తున్నారు. సిస్టర్ గారు చేసింది తప్పనను. కానీ దాన్ని అందరికీ పద్ధతి చెయ్యకండి.

నర్సింగ్ ట్యూటర్:
ఆ 18 చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మనిషి దిగజారుతున్నాడని చాలాసార్లు ముందుగా చెప్పేది శ్వాసే, మనం ఊహించి రాసేదీ దాన్నే. పల్స్ చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్ళు ఛాతీ మీద ఉంచి, నిండు నిమిషం లెక్కపెట్టమని పిల్లలకి చెబుతాను. శ్వాస చూస్తున్నారని తెలిస్తే తెలియకుండానే మనిషి శ్వాస మార్చేస్తాడు.

అనుభవం లేనప్పుడు నియమమే చెయ్యి పట్టుకుని నడిపిస్తుందని అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ పాట్రీషియా బెన్నర్ 1984లోనే రాశారు. కాబట్టి కొత్తమ్మాయి భయం న్యాయమైనదే. ఆ కన్ను ఎలా వస్తుందన్నది మాత్రం అక్కడి ఇంకో నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ టానర్ 2006లో విడదీసి చెప్పారు: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, అయ్యాక వెనక్కి తిరిగి చూసుకోవడం. మొదటిది జరగాలంటే ఈ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియాలి.

అందుకే సిస్టర్ గారిని ఒకటి అడుగుతున్నాను, నొచ్చుకోకండి. మీ సున్నా నిజంగా సున్నాయేనా? 2017లో స్కోరు మార్చినప్పుడు కొత్తగా మొదలైన అయోమయానికి 3 పెట్టారు. ఒక్క అంశంలోనే 3 వస్తే వెంటనే వచ్చి చూడాలి. మీరు మెలకువగా ఉన్నారని సున్నా వేశారు. "నాన్న ఇలా ఉండరండీ" అన్న మాట ఏ గడిలోకి వెళ్ళింది?

రాత్రి డ్యూటీ సిస్టర్:
మేడమ్, ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పేరడిగాను, చెప్పారు. ఎక్కడున్నారంటే ఆస్పత్రి అన్నారు. అంతటితో ఆపేశాను. పొద్దున కూతురు చెప్పింది, రాత్రి 10 నుంచీ తనని మేనత్త పేరు పెట్టి పిలుస్తున్నారట, నిద్రమత్తు అనుకుందట. నేను అడగలేదు, ఆ అమ్మాయి చెప్పలేదు. అది 3 పడాల్సిన గడి. స్కోరు నన్ను ఆపలేదు, నేనే దాన్ని సరిగ్గా నింపలేదు.

ఒక పేషెంట్ కూతురు:
నేను నర్సుని కాను, కానీ మీరు అడగకపోతే మాకేం చెప్పాలో తెలియదు. అమ్మకి గుండె బలహీనత. మొదటిసారి డిశ్చార్జిలో ఒక సిస్టర్ కాగితం గబగబా చదివి "అర్థమైందా అమ్మా?" అన్నారు. అమ్మ "ఆ" అంది, సంతకం పెట్టింది. రోజూ బరువు చూసుకోమని అందులో ఉంది. అమ్మ చూసుకుంది కూడా. 4 రోజుల్లో 3 కిలోలు పెరిగితే ఒళ్ళు చేస్తున్నాను, కోలుకుంటున్నానని సంబరపడింది. అది ఒంట్లో చేరిన నీరని మాకెవరికీ తట్టలేదు. మళ్ళీ అడ్మిట్ చెయ్యాల్సి వచ్చింది.

రెండోసారి ఇంకో సిస్టర్ కాగితం పక్కన పెట్టి, "రేపు పొద్దున త్రాసు ఎక్కాక ఏ అంకె కనిపిస్తే మాకు ఫోన్ చేస్తారు?" అని అడిగారు. అమ్మ తెల్లమొహం వేసింది. ఆవిడ మళ్ళీ చెప్పారు, 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే అని. మళ్ళీ అడిగారు. మూడోసారికి అమ్మ తన మాటల్లో చెప్పగలిగింది.

కొత్త స్టాఫ్:
ఒక షిఫ్టులో 8 డిశ్చార్జిలు ఉంటే అలా ఎంతమందిని అడగగలం అక్కా?

నర్సింగ్ ట్యూటర్:
అందరినీ అడగలేకపోతే ఎవరిని తప్పకుండా అడగాలో తేల్చుకోవాలి. కొత్తగా ఇన్సులిన్ మొదలైనవాళ్ళు, రక్తం పలచబడే మాత్రలవాళ్ళు, మనం చెప్పినదానికల్లా "ఆ, ఆ" అనేవాళ్ళు. "బోధించడమైనది" అన్న గడిలో టిక్కు పెట్టడం, లెక్కపెట్టకుండా 18 రాయడం నాకు ఒకటిగానే కనిపిస్తాయి.

డ్యూటీ డాక్టర్:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. ఆ రాత్రి నేను కూడా "స్కోరెంత?" అని కాకుండా "ఏం మారింది?" అని అడిగేవాణ్ణేమో.

రాత్రి డ్యూటీ సిస్టర్:
ఇప్పుడు షిఫ్టు ఎక్కగానే పక్కనున్నవాళ్ళతో, "నిద్రమత్తు అనిపించినా సరే, మాటలో, చూపులో తేడా ఉంటే నన్ను పిలవండి" అని చెబుతున్నాను. నిన్న రాత్రి ఇంకో బెడ్ గురించి మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి స్కోరు 1. "శ్వాస 3 గంటల్లో 13 నుంచి 19 అయింది, యూరిన్ గంటకి 25, భార్య మనిషి డల్ అయ్యాడంటోంది, వచ్చి చూడండి" అన్నాను. ఎదురు ప్రశ్న లేకుండా వచ్చారు. పెద్దగా ఏమీ లేదు, నీళ్ళు తక్కువయ్యాయి, సెలైన్ పెట్టి వెళ్ళారు. ఇన్‌ఛార్జి గారు పొద్దున మళ్ళీ అదే మాట అన్నారు. చార్టు వెనక నేను రాసిన ఆ 3 లైన్లూ చూపించాను.